పగిలిన ఫ్రేమ్, చేతిలో 2,500 రూపాయలు: విజయనగరంలో నా షాపుకి వచ్చిన ఒక కేసు

సిరిమాను పండక్కి ఇంకా వారం ఉందనగా ఒక కుర్రాడు సైకిల్ నడిపించుకుంటూ మా షాపుకి వచ్చాడు. గేర్ల మౌంటెన్ బైకు. 26 అంగుళాల చక్రాలు, ముందూ వెనకా డిస్క్ బ్రేకులు, అల్యూమినియం ఫ్రేమ్. సీటు కొద్దిగా వెనక్కి వాలి ఉంది. అబ్బాయిది గంట్యాడ మండలం, డిగ్రీ రెండో సంవత్సరం. రోజూ విజయనగరం కాలేజీకి రానూపోనూ 30 కిలోమీటర్ల దాకా తొక్కుతాడు. ఆదివారం వస్తే స్నేహితులతో కలిసి తాటిపూడి రిజర్వాయర్ చుట్టుపక్కల కొండ దారుల్లోకి వెళ్తాడు.

"బాబాయ్, మళ్ళీ ఇరిగిపోయింది" అన్నాడు.

'మళ్ళీ' అనేసరికి సీటు కింద ముందు చెయ్యి పెట్టి చూశాను. సీటు ట్యూబు (సీటు కింద ఉండే నిలువు గొట్టం), టాప్ ట్యూబు (దాన్నుంచి హ్యాండిల్ వైపు వెళ్ళే పై గొట్టం) కలిసే చోట లావుపాటి వెల్డింగ్ చార ఉంది. ఫ్యాక్టరీది కాదు, కొత్తగా వేసింది. దాన్ని ఆనుకుని కింద వెంట్రుకంత సన్నని నల్ల గీత ట్యూబుని సగం దాకా చుట్టేసింది. సీటుని ముందుకీ వెనక్కీ ఊపితే ఆ గీత నోరు తెరిచి మూసుకుంటోంది.

మూడు వారాలకన్నా కాస్త ముందు అదే చోట మొదటిసారి బీట వచ్చిందట. ఒక వెల్డింగ్ షాపులో 450 రూపాయలిచ్చి అతుకు వేయించాడు. ఆ అతుకు 23 రోజులు ఆగింది. ఇప్పుడు వాళ్ళ అమ్మ దగ్గర 2,500 తీసుకుని వచ్చాడు. ఇంతకు మించి ఒక్క రూపాయి లేదని ముందే చెప్పాడు. సైకిల్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. బిల్లు లేదు కాబట్టి కంపెనీ వారంటీ మాట ఎత్తే పనే లేదు. మీది కొత్త సైకిల్ అయితే మాత్రం ఆ బిల్లుని జాగ్రత్తగా దాచండి. చాలా కంపెనీలు ఫ్రేమ్‌కి మిగతా పార్టులకన్నా ఎక్కువ కాలం వారంటీ ఇస్తాయి. అయితే ఒకసారి బయట వెల్డింగ్ చేయించారంటే దాన్ని ఎవరూ ఒప్పుకోరు. పగులు కనిపించగానే ఫోటో తీసుకుని, ఏ పనీ చేయించకుండా ముందు కొన్న షాపుకి వెళ్ళాలి.

రెండు నెలలకో మూడు నెలలకో ఇలాంటి కేసు ఒకటి మా షాపుకి వస్తుంది. దీన్నే ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, తక్కువ డబ్బుతో ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో రెండూ ఇందులో ఉన్నాయి.

ముందు పగులుని చదవాలి

కనిపించిన ప్రతి గీతా పగులు కాదు. పెయింటు మాత్రమే చిట్లే సందర్భాలు చాలా ఉంటాయి. కొందరు దాన్ని చూసి నిద్ర పోకుండా టెన్షన్ పడతారు. ఇంకొందరు నిజమైన పగులుని పెయింటే కదా అని వదిలేస్తారు. తేడా తెలుసుకోవడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఆ చోట కిరోసిన్‌తో శుభ్రంగా తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టి, సన్న ఎమరీ పేపరుతో అంగుళం మేర పెయింటు తీసేయాలి. కింద లోహం అద్దంలా ఉంటే అది పెయింటు గీతే. లోహం మీదా గీత నిలిస్తే దాని మీద దూదిని మెల్లగా లాగి చూడాలి. పగులు అంచుకి దూది పోగులు పట్టుకుంటాయి.

అనుమానం ఇంకా తీరకపోతే డై పెనెట్రెంట్ వాడతాను. వెల్డింగ్ సామాన్లు అమ్మే షాపుల్లో మూడు స్ప్రే డబ్బాలుగా దొరుకుతుంది. ఒకటి క్లీనర్, ఒకటి ఎర్ర రంగు, ఒకటి తెల్ల డెవలపర్. ఎర్ర రంగు కొట్టి పది నిమిషాలు ఆగి, పైపైన ఉన్నదంతా తుడిచేసి, తెల్లది కొడితే పగులులో దాక్కున్న రంగు బయటికి వచ్చి ఎర్ర గీతలా కనిపిస్తుంది. ఈ ఫ్రేమ్‌కి కొట్టి చూస్తే కంటికి కనిపించిన దానికన్నా ఇంకో 8 మిల్లీమీటర్లు ఎక్కువ పాకింది. కంటికి ఆనే కొస దగ్గరే పగులు ఆగిపోయిందని ఎప్పుడూ నమ్మకూడదు.

తర్వాత అయస్కాంతం. అతుక్కుంటే ఉక్కు, జారిపోతే అల్యూమినియం. ఇది జారిపోయింది. సీటు ట్యూబు మీద 6061 అన్న స్టిక్కరు సగం చిరిగి ఉంది. ఈ కేసులో తర్వాత నేను తీసుకున్న నిర్ణయాలన్నీ ఆ అంకెని బట్టి తీసుకున్నవే.

అతుకు ఎందుకు ఆగలేదు

ఆ వెల్డర్ కావాలని చెడు పని చేశాడని నేను అనుకోను. ఆయన చేసేది గేట్లు, గ్రిల్స్ పని. అవి వంద ఏళ్ళు కదలకుండా నిలబడితే చాలు. సైకిల్ ఫ్రేమ్ అలా కాదు. రోడ్డు మీద ప్రతి గతుకుకీ, ప్రతి పెడల్ తోపుకీ అది కాస్త వంగి మళ్ళీ నిలబడుతూ ఉండాలి.

6061 అల్యూమినియం బలంలో ఎక్కువ భాగం ఫ్యాక్టరీలో చేసే వేడి పదును నుంచే వస్తుంది. ఫ్రేమ్ అంతా వెల్డింగ్ అయ్యాక దాన్ని దాదాపు 530 డిగ్రీల దగ్గర ఉంచి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్ళీ 170 డిగ్రీల ప్రాంతంలో కొన్ని గంటలపాటు కొలిమిలో ఉంచుతారు. దాన్నే టీ6 అంటారు. అలా పదును పెట్టిన ట్యూబు శాశ్వతంగా వంగిపోవాలంటే 276 మెగాపాస్కల్స్ దగ్గర ఒత్తిడి కావాలి. అదే లోహం పదును పూర్తిగా పోయి మెత్తబడితే 55 దగ్గరే లొంగిపోతుంది. వెల్డింగ్ టార్చి తగిలిన చోట, చారకి అటూ ఇటూ ఒకటి రెండు సెంటీమీటర్ల మేర పదును పోతుంది. అక్కడ దాదాపు సగం బలమే మిగులుతుంది. అందుకే అతుకు మీద కాకుండా దాని పక్కనే కొత్త పగులు పుట్టింది. అతుకు గట్టిగా ఉంది, దాన్ని పట్టుకున్న ట్యూబు మెత్తబడిపోయింది.

ఇంకో లోపం ఫ్రేమ్ కోసి చూశాక తెలిసింది. మొదటి పగులుని అడుగు దాకా చెక్కి గాడి చేయకుండా పైనుంచే లోహం పోశారు. చార కింద పాత పగులు అలాగే ఉంది. దాని లోపలి ముఖం నల్లగా, మురికి పట్టి, నున్నగా ఉంది. తాజాగా తెగిన భాగం మాత్రం పంచదార పలుకుల్లా మెరుస్తోంది. పగిలిన లోహం ముఖం మీద ఈ రెండూ కనిపిస్తే, నల్లని భాగం ఎన్నాళ్ళుగానో మెల్లగా పాకిందనీ, మెరిసేది చివర్లో ఒక్కసారిగా తెగిందనీ అర్థం. ఇక్కడ ముప్పాతిక వంతు నల్లగానే ఉంది. అంటే ఆ అబ్బాయి ఎన్నో నెలలుగా పగిలిన ఫ్రేమ్ మీదే తిరుగుతున్నాడు. కొండ దిగుతూ ఉన్నప్పుడు ఆ మిగిలిన పాతిక వంతు తెగి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అసలు కారణం సీటు పోస్టు

ఫ్రేమ్ మార్చినా కారణం అలాగే ఉంటే కొత్తదీ పగులుతుంది. అందుకే సీటు పోస్టు, అంటే సీటుని మోస్తూ సీటు ట్యూబులోకి దిగే కడ్డీని, బయటికి లాగి కొలిచాను. పోస్టు పొడవు 30 సెంటీమీటర్లు. అందులో 25 బయట ఉంది, 5 మాత్రమే లోపల. కనీసం ఇంతవరకైనా లోపల ఉండాలని పోస్టు మీద వేసే కనిష్ఠ గీత ట్యూబు బయట గాలిలో కనిపిస్తోంది. అబ్బాయి ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు, ఫ్రేమ్ సైజు 15 అంగుళాలు. చిన్న ఫ్రేమ్ చవగ్గా వచ్చిందని కొని, కాళ్ళు చాలక సీటు పైకి లాగుకుంటూ పోయాడు.

మన ఊళ్ళో సిరిమాను చూసిన వాళ్ళకి ఈ సంగతి చెప్పడం తేలిక. అంత పొడవు చింతమాను చివర పూజారి కూర్చుంటే, ఆ పొడవు తెచ్చే భారమంతా మానుని బిగించిన చోట మీద పడుతుంది. అందుకే ఆ బిగింపు దగ్గర అంత జాగ్రత్త. సీటు పోస్టుదీ అదే లెక్క. అబ్బాయి బరువు 68 కిలోలు. అందులో సీటు మీద పడేది 50 అనుకుందాం. సీటు ట్యూబు కాస్త వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి ఆ 50లో సుమారు 15 కిలోల బరువు పోస్టుని వెనక్కి వంచుతుంది. బయట 25, లోపల 5 అంటే ఐదు రెట్లు. పోస్టు అడుగు కొస లోపలి గోడని 75 కిలోలతో ముందుకు పొడుస్తుంది. గతుకులో పడితే దానికి రెట్టింపు, అంతకన్నా ఎక్కువ కూడా. ఆ కొస సరిగ్గా ఎక్కడ ఆగిందంటే, టాప్ ట్యూబు వెల్డింగ్ దగ్గర. పగులు పుట్టింది అక్కడే.

అదే పోస్టు 35 సెంటీమీటర్లది అయ్యి 10 లోపల ఉండి ఉంటే 75 కాస్తా సగానికి, 37.5కి దిగేది. ఒక్క పొడవాటి పోస్టు ఈ ఫ్రేమ్‌ని కాపాడేది. షాపుకి వచ్చే ప్రతి పొడుగు పిల్లాడి సీటు పోస్టునీ నేను బయటికి లాగి చూడటం ఈ కేసు తర్వాతే మొదలుపెట్టాను. కనిష్ఠ గీత లోపలికి వెళ్ళినా అంతటితో సరిపోదు, అడుగు కొస టాప్ ట్యూబు వెల్డింగ్ దాటి కిందికి దిగాల్సిందే.

ఏ దారులు ఉన్నాయి

శనివారం సాయంత్రం వాళ్ళ నాన్న వచ్చారు. తాపీ మేస్త్రి. ఫ్రేమ్‌ని అటూ ఇటూ తిప్పి చూసి అడిగారు: "బావూ, ఇనప బద్దెట్టి రెండు బోల్టులు బిగించేస్తే ఆగదేటి?"

గోడ బీటిచ్చినప్పుడు మీరేం చేస్తారని నేను అడిగాను. ఆయన ఒక్క క్షణం ఊరుకుని, "పునాది కుంగితే పైన ఎంత మెత్తినా మళ్ళీ బీటిస్తాదిలే" అన్నారు. ఆ తర్వాత ఇంకో మాట లేకుండా నేను చెప్పింది విన్నారు.

మొదటి దారి, మళ్ళీ వెల్డింగ్. విశాఖపట్నం ఆటోనగర్‌లో ఆర్గాన్ గ్యాస్‌తో అల్యూమినియం వెల్డింగ్ బాగా చేసేవాళ్ళు ఉన్నారు. పగులుని పూర్తిగా చెక్కి, ఏసీ కరెంటు మీద టిగ్ వెల్డింగ్ చేస్తే చార చక్కగానే వస్తుంది. పోయిన పదును మాత్రం తిరిగి రాదు. దానికి మొత్తం ఫ్రేమ్‌ని మళ్ళీ 530 డిగ్రీల కొలిమిలో పెట్టాలి. ఒక్క సైకిల్ ఫ్రేమ్ కోసం ఆ పని చేసిపెట్టేవాళ్ళు నాకు దొరకలేదు. దొరికినా ఆ ఖర్చుకి ఫ్రేమే వచ్చేస్తుంది, పైగా వేడికి ఫ్రేమ్ వంకర తిరిగే ప్రమాదం ఉంది. ఈ దారి వదిలేశాం.

పగులు కొసన చిన్న కన్నం వేసి ఆపడం, ఎంసీల్ పూయడం, గొట్టం క్లిప్పులు బిగించడం కూడా చాలామంది చేస్తారు. నడి దారిలో ఇరుక్కున్నప్పుడు ఇల్లు చేరడానికి కన్నం, క్లిప్పు పనికొస్తాయేమో. అది కూడా సీటు ట్యూబు విషయంలోనే. హెడ్ ట్యూబు (హ్యాండిల్ కింద ఉండే పొట్టి గొట్టం) దగ్గరో, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మీదో గీత కనిపిస్తే ఇంటికి కూడా తొక్కకూడదు, నడిపించుకుని వెళ్ళాలి. సీటు ట్యూబు విరిగితే మనిషి వెనక్కి జారతాడు. ముందు భాగం విరిగితే మొహం రోడ్డుకి కొట్టుకుంటుంది.

ఇదే పగులు ఉక్కు ఫ్రేమ్‌కి వచ్చి ఉంటే నా సలహా వేరుగా ఉండేది. ఉక్కు ట్యూబుని గ్యాస్‌తో, ఇత్తడి కడ్డీతో అతికించొచ్చు. లోపల ఇమిడే చిన్న గొట్టం ముక్క (స్లీవు) పెట్టి అతికిస్తే ఏళ్ళ తరబడి ఆగుతుంది. మా నాన్న అలా అతికించిన అద్దె సైకిళ్ళు నా చిన్నతనంలో ఊరంతా తిరిగేవి. ఉక్కుకి ఇంకో గొప్ప గుణం ఉంది. ఒక హద్దు లోపల ఎన్ని లక్షల సార్లు వంచి వదిలినా అది అలసిపోదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. చిన్న చిన్న దెబ్బలు కూడా అందులో లెక్కలోకి చేరుతూ పోతాయి. అందుకే అల్యూమినియం ట్యూబులు లావుగా చేసి, అసలు వంగకుండా చూస్తారు.

కొత్త అల్యూమినియం ఫ్రేమ్ అప్పుడు నాకు దొరికిన ధరల్లో 5,000కి తక్కువ లేదు. ఇక మిగిలింది ఒకటే. మూలన పడి ఉన్న పాత ఉక్కు మౌంటెన్ బైకు ఒకటి కొని, దాని ఫ్రేమ్‌కి ఈ సైకిల్ సామానంతా ఎక్కించడం. బరువు పెరుగుతుందని ముందే చెప్పాను. "బరువైతే తొక్కుతాను బాబాయ్, ఇరక్కుండా ఉంటే చాలు" అన్నాడు. పని అయ్యేదాకా కాలేజీకి వెళ్ళడానికి షాపులో ఉన్న పాత అట్లాస్ సైకిల్ ఇచ్చాను.

ఫ్రేమ్ వేట

నాలుగు రోజులు తిరిగాం. పాత సామాన్ల కొట్టులో మొదట దొరికినది చూడ్డానికి కొత్తదానిలా ఉంది. దారం కట్టి చూస్తే బండారం బయటపడింది. వెనక డ్రాపవుట్ (చక్రం ఇరుసు కూర్చునే గాడి) దగ్గర దారం కట్టి, ముందు హెడ్ ట్యూబుని చుట్టి, రెండో డ్రాపవుట్‌కి తెచ్చి బిగించాలి. సీటు ట్యూబుకి రెండు పక్కలా దారానికి మధ్య ఖాళీ కొలవాలి. తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంటే పర్వాలేదు. దానికి 7 ఉంది. ఎక్కడో గట్టిగా పడిన సైకిల్ అది.

రెండోది 600కే ఇస్తామన్నారు. తిరగేసి, పెడల్ ఇరుసు ఉండే బీబీ గొట్టం పక్కన స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే మొన లోపలికి దిగిపోయింది. లోపలంతా తుప్పే. సముద్రపు గాలి తగిలే ఊళ్ళ నుంచి వచ్చే ఉక్కు సైకిళ్ళలో ఇది చాలా మామూలు. పైన పెయింటు మెరుస్తూ ఉంటుంది, లోపల ట్యూబు కాగితంలా అయిపోతుంది. సీటు పోస్టు తీసి ట్యూబులోకి టార్చి వేసి చూడాలి, వేలికి గుడ్డ చుట్టి లోపల తుడవాలి. ఎర్ర పొడి వస్తే ఫర్వాలేదు, రేకులు ఊడి వస్తే వదిలేయాలి.

మూడోది నెల్లిమర్ల వైపు ఒక ఇంట్లో దొరికింది. గేర్లు లేని సైకిల్, 18 అంగుళాల ఫ్రేమ్, వెనక డిస్క్ బ్రేకు బిగించే చెవులు ఉన్నాయి. చక్రాలు వంకర, సీటు లేదు, చైను తుప్పుముద్ద. దారం తేడా ఒక మిల్లీమీటరు. 900కి ఒప్పుకున్నారు. డబ్బు ఇచ్చేముందు బీబీ గొట్టం అడుగున ఉన్న ఫ్రేమ్ నంబరు రాసి, అమ్మిన ఆయన సంతకంతో చీటీ తీసుకున్నాం. పాత సైకిల్ కొంటే ఈ చీటీ తప్పనిసరి. దొంగ సైకిల్ ఎవరి చేతికైనా రావచ్చు.

కొనడానికి ముందే వెర్నియర్‌తో కొలిచినవి ఇవి. బీబీ గొట్టం వెడల్పు రెండింటికీ 68 మిల్లీమీటర్లు, మరలు కూడా ఒకటే రకం. కాబట్టి బీబీ, క్రాంకు నేరుగా ఎక్కుతాయి. వెనక డ్రాపవుట్ల మధ్య 131, అబ్బాయి చక్రం హబ్బు 135. ఉక్కు కాబట్టి ఆ నాలుగు మిల్లీమీటర్లు చాచొచ్చు. అల్యూమినియం ఫ్రేమ్‌ని ఎప్పుడూ అలా చాచకూడదు. సీటు పోస్టు కన్నం 25.4. పాత పోస్టు 27.2 కాబట్టి అది పనికిరాదు, ఎలాగూ పొడవాటిది కొనాలి. హెడ్ ట్యూబు పొడవు పాతదానికన్నా 10 మిల్లీమీటర్లు ఎక్కువ, ఫోర్కు కడ్డీ మీద 10 మిల్లీమీటర్ల స్పేసరు ఒకటి ఉంది. దాన్ని తీసేస్తే సరిపోతుంది. హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) కప్పులు మాత్రం వేరే రకం, కొత్తవి కావాలి. ఇవన్నీ కాగితం మీద రాసుకోకుండా ఫ్రేమ్ కొంటే, చవగ్గా వచ్చిన ఫ్రేమ్ మీద చిల్లర సామాన్లకే రెండు వేలు పోతాయి.

ఎక్కించడం

మూడు సాయంత్రాల పని. అబ్బాయి పక్కనే కూర్చుని చేశాడు. అలా చేయనివ్వడం నాకు ఇష్టం. తన చేత్తో బిగించిన బోల్టుని మనిషి మళ్ళీ మళ్ళీ చూసుకుంటాడు.

మొదటి సాయంత్రం విప్పడం. బీబీ కుడి వైపు కప్పు ఎడమ మర. అంటే మామూలుకి వ్యతిరేకంగా తిప్పితేనే ఊడుతుంది. ఈ సంగతి తెలియక బలం పెట్టి మరలు చెడగొట్టిన సైకిళ్ళు నేను చాలా చూశాను. రెండో సాయంత్రం వెనక భాగాన్ని చాచాం. పొడుగు మర కడ్డీ ఒకటి డ్రాపవుట్ల మధ్య పెట్టి, లోపలి నట్లని కొద్దికొద్దిగా బయటికి తిప్పుతూ, వదిలి కొలుస్తూ, మళ్ళీ తిప్పుతూ. ఉక్కు కొంత వెనక్కి వస్తుంది. 135 నిలవాలంటే చాలా సేపు 150 దాకా చాచి వదలాల్సి వచ్చింది. చివర్లో మళ్ళీ దారం కట్టి చూస్తే తేడా ఒక మిల్లీమీటరే. మిగతాదంతా ఆ తర్వాత తేలికే.

హెడ్‌సెట్ కప్పులు ఎక్కించడానికి ప్రెస్సు కొనక్కర్లేదు. అదే మర కడ్డీ, రెండు మందపాటి వాషర్లు, రెండు నట్లు చాలు. సుత్తితో కొట్టకూడదు, కప్పు పక్కకి ఒరిగిపోతుంది. గేర్లు లేని ఫ్రేమ్ కాబట్టి వెనక డీరైలర్ (చైనుని జరిపి గేర్లు మార్చేది) తగిలించే చెవి లేదు. ఇరుసుతోపాటు బిగించే బ్రాకెట్ ఒకటి తెచ్చాం. ముందు డీరైలర్ పట్టీ 31.8 ట్యూబుకి చేసింది. ఈ ఉక్కు ట్యూబు 28.6. నా పాత సామాన్ల డబ్బాలో ఆ సైజు అడాప్టరు ముక్కలు ఉంటే వేశాను. అవి లేకపోతే ముందు గేర్లు వదిలేయమనేవాణ్ణే. కానీ తాటిపూడి వైపు ఎక్కేవాడికి చిన్న పళ్ళచక్రం కావాలి.

ట్యూబు లోపల పాత ఇంజిన్ ఆయిల్ పోసి, ఫ్రేమ్‌ని అన్ని వైపులా తిప్పి, ఒక రాత్రి తలకిందులుగా వేలాడదీశాం. ఉక్కు లోపల తుప్పుని ఆపడానికి ఇంతకన్నా చవకైన పద్ధతి నాకు తెలియదు. బీబీ గొట్టం అడుగున నీళ్ళు కారే కన్నం మూసుకుపోయి ఉంటే పుల్లతో పొడిచి తెరిచాం. సీటు పోస్టుకి గ్రీసు రాసి దించాం. ఉక్కు ట్యూబులో అల్యూమినియం పోస్టు పొడిగా ఉంటే రెండు వానాకాలాలకే అతుక్కుపోయి ఇక కదలదు.

కొత్త పోస్టు 35 సెంటీమీటర్లు. పెద్ద ఫ్రేమ్ కావడంతో 17 మాత్రమే బయట ఉంది, 18 లోపల. మళ్ళీ లెక్క వేసి చూపించాను. 75 కిలోలతో పొడిచిన చోట ఇప్పుడు 14. ఆ అంకె విన్నాక వాళ్ళ నాన్న మొదటిసారి నవ్వారు.

నేను చేసిన పొరపాటు

మూడో రోజు అబ్బాయి ఫోన్ చేశాడు. ఎత్తు ఎక్కుతుంటే వెనక చక్రం పక్కకి జరిగి టైరు ఫ్రేమ్‌కి రాసుకుందట. తప్పు నాదే. ఈ ఫ్రేమ్ డ్రాపవుట్లు ముందుకి తెరిచి ఉంటాయి. ఫ్రేమ్‌కి నేను వేసిన కొత్త పెయింటు మీదే నట్లు బిగించాను. పెయింటు నలిగి నట్టు పట్టు వదిలింది, గట్టిగా తొక్కేసరికి చైను చక్రాన్ని ముందుకి లాగేసింది. అదృష్టం బాగుండి ఎత్తు మీద జరిగింది, దిగేటప్పుడు కాదు. డ్రాపవుట్ల ముఖం మీద పెయింటు పూర్తిగా గీకి, పళ్ళున్న వాషర్లు వేసి బిగించాను. వారం తర్వాత మళ్ళీ రప్పించి చూశాను. జరగలేదు. ఇప్పుడు ఏ ఫ్రేమ్‌కి రంగు వేసినా నట్టు కూర్చునే చోట టేపు అంటించాకే వేస్తాను.

లెక్క

పాత సైకిల్ 900. హెడ్‌సెట్ 220. సీటు పోస్టు 260, దాని క్లాంపు 40. కేబుళ్ళు, వాటి తొడుగులు 180. డీరైలర్ బ్రాకెట్ 120. రంగు డబ్బా షాపులో మిగిలినది. నా కూలి 500. మొత్తం 2,220. అబ్బాయి దగ్గర 280 మిగిలింది. వంకర చక్రాలు, పాత హ్యాండిల్, పగిలిన అల్యూమినియం ఫ్రేమ్ తుక్కుకి వేస్తే ఇంకో 430 వచ్చింది. ఆ 710తో హెల్మెట్ కొనమని పట్టుబట్టాను, కొన్నాడు.

అల్యూమినియం ఫ్రేమ్‌ని తుక్కుకి వేసేముందు ఆక్సా బ్లేడుతో మూడు ముక్కలు చేశాను. అలా చేయకపోతే ఎవరో ఒకరు ఆ అతుకుని సానబట్టి, రంగు వేసి, ఇంకో పిల్లాడికి అమ్మేస్తారు. పగులు ఉన్న ముక్కని మాత్రం ఉంచుకున్నాను. వెల్డింగ్ వేస్తే సరిపోదా అని అడిగే ప్రతి ఒక్కరి చేతిలో పెడుతున్నాను. నల్లగా ఉన్న భాగం, మెరిసే భాగం చూశాక ఎవరూ రెండోసారి అడగడం లేదు.

తర్వాత

సైకిల్ బరువు 14.7 కిలోల నుంచి 16.2 అయింది. మొదటి నెల ఎత్తుల మీద తేడా తెలిసిందన్నాడు, తర్వాత అలవాటు పడిపోయాడు. పెద్ద ఫ్రేమ్ కావడంతో మోకాళ్ళ నొప్పి తగ్గిందట. అది నేను ముందుగా అనుకోని లాభం.

మూడు నెలలకోసారి తీసుకురమ్మన్నాను, తెస్తున్నాడు. ఆరో నెలలో డీరైలర్ బ్రాకెట్ బోల్టు వదులైంది. తొమ్మిదో నెలలో హెడ్ ట్యూబు దగ్గర కేబుల్ రాసుకుని పెయింటు పోయి తుప్పు చుక్క వచ్చింది. గీకి, రంగు అద్ది, ఆ చోట రబ్బరు ట్యూబు ముక్క చుట్టాం. ఏడాది నిండాక సీటు ట్యూబు దగ్గర, బీబీ దగ్గర, డ్రాపవుట్ల దగ్గర డై పెనెట్రెంట్ కొట్టి చూశాను. ఎక్కడా ఎర్ర గీత లేదు. దారం తేడా అదే ఒక మిల్లీమీటరు.

పోయిన నెల చెకప్‌కి వచ్చినప్పుడు ఆదివారం తనతో తాటిపూడి వచ్చే ఇద్దరు స్నేహితుల్ని కూడా తీసుకొచ్చాడు. నేను చెప్పకముందే తనే వాళ్ళ సీటు పోస్టులు లాగి స్కేలు పెట్టాడు. ఒకటి 12 సెంటీమీటర్లు లోపల ఉంది. రెండోది 6. ఆ రెండో సైకిల్‌కి 40 సెంటీమీటర్ల పోస్టు చెప్పి ఉంచాను. అది వచ్చేదాకా సీటు కిందికి దించి, కాలేజీకి మాత్రమే తొక్కమన్నాను.